జమీందారు గారి భోజనం వేళ

"గుర్రపుస్వారీ వచ్చా?"

"వచ్చండీ!"

ఈ అబద్ధం ఆడకుండా మద్రాసులో వేషం సంపాదించినవాణ్ణి నేనైతే చూడలేదు. ఈత వచ్చా అంటే వచ్చు. కత్తి తిప్పడం వచ్చా అంటే వచ్చు. డాన్సు వచ్చా అంటే అదీ వచ్చు. డైరెక్టరు గారు ఏమడిగినా 'రాదు' అనే మాటొక్కటే మాకు వచ్చేది కాదు!

అది 1981. ఓ జానపద చిత్రంలో రాజుగారి వెనకాల కదిలే పన్నెండు మంది రౌతుల్లో నన్నొకడిగా తీసుకున్నారు. డైలాగు లేదు, క్లోజప్ లేదు. అయినా గుర్రం ఉంది! అది చాలదూ? కాంతారావు గారి జానపదాలు నేలమీద కూర్చుని చూసిన కుర్రాణ్ణి. 1971లో 'మోసగాళ్లకు మోసగాడు' వచ్చినప్పుడు మా ఊళ్ళో పిల్లలమంతా సైకిలు హ్యాండిలుకి తాడు కట్టి కళ్ళెం అనుకుని లాగిన బాపతు. హీరో ఈల వేస్తే గుర్రం పరుగెత్తుకొస్తుందనీ, అరచేతిలో ఇంత బెల్లం ముక్క పెడితే అది జన్మంతా మనదై పోతుందనీ నాకు గట్టి నమ్మకం.

ప్రొడక్షన్ మేనేజరు మాత్రం తలపండినవాడు. నా మొహం చూడగానే సంగతి కనిపెట్టేశాడు. "షూటింగుకి ఇంకా ఆరువారాలుంది. రోజూ పొద్దున్నే లాయానికి పోయి, వచ్చిన స్వారీని మరోసారి నేర్చుకో" అన్నాడు నవ్వుతూ.

ఆ లాయం ఆర్కాటు రోడ్డు మీద పోరూరు పోయే దారిలో, ఓ కొబ్బరితోట వెనక ఉండేది. రేకుల కప్పు, చెక్క తడికలు, ఏడు గుర్రాలు. షూటింగులకి అద్దెకిచ్చేవారు. వాటిని చూసే సాయిబుది కడప. చిన్నప్పుడే మద్రాసొచ్చి గుర్రాల మధ్యే ముసలివాడయ్యాడు. అందరికీ 'తాత'. ఆయనతో పాటు పన్నెండేళ్ళ మనవడు. బడికి పోయేముందూ వచ్చాకా తాతకి చేతి సాయం. నన్ను మొదటిరోజు నుంచే "అన్నా" అని పిలిచాడు.

నేను ఠీవిగా వెళ్ళి, "ఏ గుర్రం ఎక్కమంటావు తాతా?" అన్నాను.

తాత నా కాళ్ళ వైపు చూశాడు. హవాయి చెప్పులు!

"ఎక్కేది తర్వాత సంగతి అబ్బయా. ముందు దాణా పెట్టేది నేర్చుకో. చెప్పులిడిచి బూట్లు తెచ్చుకో. గుర్రం కాలేస్తే నీ వేళ్ళు అప్పడాలే" అన్నాడు.

నాకు చిర్రెత్తుకొచ్చింది. మా ఇంట్లో రెండు గేదెలున్నాయి. పుట్టినప్పట్నుంచీ కుడితి పెట్టిన చేతులివి. గుర్రానికి దాణా పెట్టడానికి కూడా పాఠమేనా?

పాఠమే! అదేమిటో మర్నాడు తెల్లారకుండానే తెలిసింది.

బకెట్టు చప్పుడైతే...

గుర్రపుశాలలో అన్నిటికంటే ప్రమాదమైన వేళ ఏదని ఎవరైనా అడిగితే, స్వారీ వేళ అనుకుంటాం. తాత లెక్కలో అది దాణా వేళ. అంతవరకూ నిలబడి కునుకు తీస్తున్న ఏడు జంతువులూ బకెట్టు పిడి 'టంగ్' మనగానే ఏడు రాక్షసులవుతాయి. ఒకటి సకిలిస్తుంది. ఒకటి ముందుకాలితో నేలను గీరుతుంది. పక్క గుర్రం తొట్టి వైపు చూస్తోందని ఇంకొకటి తడికని తంతుంది. వాటిలో ఏ ఒక్కదానికీ మన మీద కోపం లేదు. కాని మనం వాటి మధ్య ఉంటాం!

అన్నిటికంటే చివరి గదిలో ఉండేది 'జమీందారు'. ముదురు గోధుమరంగు, నుదుటి మీద తెల్లచుక్క. వయసులో ఉండగా రేసుల్లో పరుగెత్తి, కాళ్ళు నెమ్మదించాక సినిమాల్లోకొచ్చింది. కెమెరా ముందు పెట్టింది పేరు. లైట్లకి బెదరదు, జనానికి జడవదు. కాని భోజనం దగ్గర మాత్రం అచ్చం జమీందారే! బకెట్టు కనపడగానే తలుపుని వెనక కాళ్ళతో ధన్ ధన్ మని తన్నేది. తలుపు తీస్తే చాలు, చెవులు మెడకి అతికించేసి, మెడ పాములా చాచి, పళ్ళు బయటపెట్టి మీదికొచ్చేది. దాణా తొట్టిలో పడిందో లేదో గిర్రున తిరిగి పిర్రలు మన వైపు పెట్టేది. 'ఇక నువ్వు దయచెయ్యొచ్చు' అని దాని భావం.

మొదటిరోజు దాని పళ్ళు నా చేతిలోని బకెట్టు అంచు మీద పడ్డాయి. రేకు సొట్ట పోయింది. ఆ రేకు నా ముంజేయి అయివుంటే ఈ వ్యాసం ఎడంచేత్తో రాయాల్సి వచ్చేది.

"గుర్రం గుడ్డిదైనా దాణాకి తక్కువలేదంటారు గదా తాతా. దీనికి కళ్ళు కూడా ఉన్నాయి!" అన్నాను, వణుకు దాచుకోవడానికి.

తాత నవ్వలేదు. "దాని కండ్లు కాదు, చెవులు చూడు" అన్నాడు.

అదే మొదటి పాఠం. చెవులు ముందుకి నిక్కితే అది మన వంక ఆసక్తిగా చూస్తోందన్న మాట. పక్కకో వెనక్కో వదులుగా తిరిగితే ఏదో వింటోంది, ఫరవాలేదు. పూర్తిగా వెనక్కి వాలి మెడకి అంటుకుపోతే... అది హెచ్చరిక. దానికి తోడు తోక విసురుగా కొట్టుకున్నా, వెనక కాలు కాస్త పైకి లేచినా, పిర్ర మన వైపు తిరుగుతున్నా అది రెండో హెచ్చరిక. మూడోది ఉండదు!

రెండో పాఠం, చూపు. గుర్రం కళ్ళు తలకి రెండువైపులా ఉంటాయి. అందుకని చుట్టూ దాదాపు అంతా కనిపిస్తుంది. కాని రెండుచోట్ల దానికి చీకటి. ఒకటి నుదుటికి సరిగ్గా ఎదురుగా, ముట్టె కింద. రెండోది తోక వెనకాల. మనం దాని మూతి కింద చెయ్యి పెడితే అందులో ఉన్నది బెల్లమో వేలో దానికి కనపడదు, పెదవులతో తడిమి తెలుసుకోవాల్సిందే. తొందరలో ఉన్న గుర్రానికి తడిమే ఓపిక ఎక్కడిది? ఇక వెనకనుంచి చప్పుడు చెయ్యకుండా వెళ్తే, అది మనిషో పులో తేల్చుకోకముందే కాలు లేస్తుంది. అధికారి ముందూ గాడిద వెనకా నిలబడకూడదని మన పెద్దలు ఊరికే అనలేదు. తాత మూడు నిలువుల దూరంలోంచి అయినా పొమ్మనేవాడు, లేదా పలకరిస్తూ ఒంటి మీద చెయ్యివేసి, ఆనుకుని దాటమనేవాడు. దగ్గరగా ఉంటే తన్నుకి ఊపు ఉండదు, నెట్టినట్టవుతుంది. మధ్య దూరమే మహా ప్రమాదం.

మూడోది తలుపు. మనకీ తలుపుకీ మధ్య గుర్రం రాకూడదు. ఎప్పుడూ మన వీపు తలుపు వైపే ఉండాలి. నాలుగోది తాడు. పగ్గం ఎప్పుడూ చేతికి చుట్టుకోకూడదు, మడతపెట్టి పట్టుకోవాలి. అది బెదిరి లాగితే చుట్ట బిగుసుకుని వేళ్ళు పోతాయి.

ఇవన్నీ తలాడిస్తూ విన్నాను. విని, నా సినిమా తెలివి నేను వాడాను.

నా బెల్లం ముక్క

జమీందారుని మచ్చిక చేసుకోవాలని నా పట్టుదల. అంత రౌడీ గుర్రం నా ఒక్కడి మాట వింటే యూనిట్టంతా నోరు వెళ్ళబెట్టదూ? డైరెక్టరు గారు పిలిచి ముందు వరసలో నిలబెట్టరూ? తాత అటు తిరిగినప్పుడల్లా తలుపు మీదుగా చెయ్యి పెట్టి బెల్లం ముక్క ఇచ్చేవాణ్ణి. మొదట అరచేతిలో. తరవాత అది నా చొక్కా జేబు వాసన పట్టింది. మూతితో జేబుని తోసేది. నాకు ముచ్చటేసి జేబులోంచే తీసి ఇచ్చేవాణ్ణి. నాలుగైదు రోజులకి తోయడం పోయి లాగడం మొదలెట్టింది. ఒకసారి గుండీ ఊడిపోయింది. అదీ ముచ్చటే అనుకున్నాను. 'చూశావా, నన్నెలా గుర్తుపట్టిందో!' అని పొంగిపోయాను.

అది గుర్తుపట్టింది నన్ను కాదు. జేబుని.

పదో రోజు సాయంకాలం నేను వెళ్ళేసరికి లాయంలో గోల. తాత మనవడు బడినుంచి వస్తూ వేరుశెనగ పప్పుచెక్క కొనుక్కుని, సగం తిని, మిగతాది చొక్కా జేబులో వేసుకున్నాడు. జమీందారు గది ముందు నుంచి గడ్డిమోపు మోసుకుపోతున్నాడు. తలుపు మీదుగా మెడ చాచి అది జేబు అందుకుంది. జేబుతో పాటు దాని కింద ఉన్నదీ అందుకుంది. వాడు వెనక్కి లాక్కున్నాడు. అది వదల్లేదు...

రక్తంతో తడిసిన ఆ బడి చొక్కా నాకింకా కళ్ళకి కడుతుంది. రిక్షాలో ఆసుపత్రికి తీసుకెళ్ళాం. కుట్లు వేశారు, ధనుర్వాతం రాకుండా సూది వేశారు. నాలుగు వేళ్ళ పైకి తగిలివుంటే మెడ! వాడు ఏడవలేదు. నొప్పికి పళ్ళు బిగబట్టి, "నేనేం చెయ్యలేదన్నా... ఊరికే పోతున్నా" అని మాత్రం పదేపదే అన్నాడు.

నేను నోరు మెదపలేదు. ఆ రాత్రి లాయం యజమాని వచ్చి, ఇలాంటి పొగరుబోతు గుర్రం మనకొద్దు, వచ్చినకాడికి అమ్మేస్తానన్నాడు. అప్పుడూ మెదపలేదు. జట్కాకో బండికో పోతుంది. ఈ వయసులో ఈ నోటితో ఎక్కడికి పోయినా దాని బతుకు కొరడా కిందే. అది నాకు తెలుసు. అయినా నోరు పెగల్లేదు. చెప్తే వేషం పోతుందన్న భయం!

మూడోరోజుకి తట్టుకోలేకపోయాను. తాత ఉలవలు నానబోస్తున్నాడు. వెళ్ళి ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పేశాను. బెల్లం, జేబు, గుండీ, అన్నీ.

తాత చాలాసేపు ఉలవల్లోని రాళ్ళు ఏరుతూనే ఉన్నాడు. తిడతాడనుకున్నాను, కొడతాడనుకున్నాను. చివరికి తలెత్తి, "కరిచింది అది. నేర్పింది నువ్వు. తలుపు తన్నితే తొందరగా పెడుతూ వచ్చింది నేను. ముగ్గురం తప్పోళ్ళమే నాయనా. అమ్మేసేది మాత్రం దాన్నొక్కదాన్ని!" అన్నాడు.

నిజమే మరి. తలుపు పగులుతుందని భయపడి తాత ఏళ్ళ తరబడి ఆ గదికే మొదట దాణా వేస్తున్నాడు. దాని లెక్క చాలా సులువు. తన్నాను, వచ్చింది. ఇంకా గట్టిగా తన్నాను, ఇంకా తొందరగా వచ్చింది. రోజుకి మూడు పూటలా, ఏడాది పొడుగునా దానికి మనం చెప్పిన పాఠం అదొక్కటే. ఎంత తెలివైన విద్యార్థో చూడండి!

ముందు కంత, తరవాత బుద్ధి

తాత యజమాని కాళ్ళావేళ్ళా పడి నెలరోజులు గడువు తెచ్చుకున్నాడు. ఆ నెలలో నేను నేర్చుకున్నది నలభై ఏళ్ళు దాటినా మరిచిపోలేదు.

మొదట చేసిన పని గుర్రానికి బుద్ధి చెప్పడం కాదు, మనుషుల్ని కాపాడటం. సెట్టు వేసే వడ్రంగిని బతిమాలి తెచ్చి, తొట్టికి సరిగ్గా పైన చెక్కలో ఓ కంత కోయించాడు. దాణా బయటినుంచే ఆ కంతలోంచి తొట్టిలోకి. గడ్డి కూడా బయటినుంచే. "దానికి మర్యాద వచ్చేదాకా తలుపు తెరిచేది లేదు. నేర్పేటోడు బతికుంటే గదా నేర్పేది!" అన్నాడు. పిల్లలకి ఆ వరసలోకి రావడమే నిషేధం. నా జేబులు రోజూ తిరగేసి చూసేవాడు. బెల్లం గాని, చిక్కీ గాని, చివరికి వక్కపొడి అయినా సరే, బయటే.

రెండోది ఆకలి. పాతరోజుల్లో రాత్రి ఎనిమిదికి గడ్డి వేస్తే మళ్ళీ తెల్లారి ఐదింటికే. ఇప్పుడు పడుకోబోయేముందు ఇంకో మోపు వేశాం, పొద్దున దాణాకి ముందు కూడా గడ్డే వేశాం. ఆ మార్పు ఎందుకో తాత అనుభవంతో చెప్పాడు, పశువైద్యులు ఇప్పుడు కారణంతో సహా చెప్తారు. బయట మేసే గుర్రం రోజులో పదహారు గంటల దాకా మేస్తూనే ఉంటుంది. నాలుగైదు వందల కిలోల ఒంటికి దాని పొట్ట చిన్నది, పది పదిహేను లీటర్లకి మించదు. ఆ పొట్టలో ఆమ్లం తిన్నా తినకపోయినా ఊరుతూనే ఉంటుంది. గంటల తరబడి ఖాళీగా ఉంచితే పుండ్లు పడతాయి, రేసు గుర్రాల్లో ఇది మరీ ఎక్కువ. పైగా గుర్రం వాంతి చేసుకోలేదు. ఆత్రంగా మింగిన దాణా పొట్టలో ఉబ్బితే శూల వచ్చి ప్రాణం మీదికొస్తుంది. మనం పొగరనుకునేది ఒక్కోసారి కడుపుమంట!

మూడోది నొప్పి. పశువుల డాక్టరు గారిని పిలిపిస్తే నోరు తెరిపించి చూసి, దవడ పళ్ళ అంచులు కత్తుల్లా పదునెక్కి బుగ్గ లోపల కోసుకుపోతున్నాయన్నారు. పెద్ద ఆకురాయితో అంచులు రాసి సాపు చేశారు. తింటున్నప్పుడల్లా నొప్పి పుడితే మనం మాత్రం నవ్వుతూ వడ్డించుకుంటామా?

ఇక నాలుగోదే అసలు పాఠం. బకెట్టు పట్టుకుని కంత దగ్గరికి నడుస్తాను. తలుపు తన్నిందా, ఆగిపోతాను. చెవులు వాల్చిందా, వెనక్కి తిరిగి రెండడుగులు వేస్తాను. తిట్టను, కొట్టను, ఊరించను. కాళ్ళు నేలమీద ఆని, చెవులు ముందుకొచ్చి, కంత దగ్గర్నుంచి ఒక్క అడుగు వెనక్కి వేసిందా, ఆ క్షణమే దాణా తొట్టిలో పడాలి. ఆ క్షణం దాటితే పాఠం చెడిపోతుంది. మర్యాదకి జీతం రొక్కంగా ఇవ్వాలన్న మాట, అరువు పనికిరాదు.

చెప్పడం తేలిక! మూడోరోజు అది తన్నిన తన్నులకి తడిక విరుగుతుందనుకున్నాను. మునుపటికంటే రెండింతలు. 'ఇన్నాళ్ళూ పనిచేసిన తాళంచెవి ఇవ్వాళ తిరగదేం?' అని దాని బాధ. మిగతా ఆరు గుర్రాలూ తినేశాయి. అది తంతూనే ఉంది. ఇరవై నిమిషాలు బకెట్టుతో శిలావిగ్రహంలా నిలబడ్డాను. చెయ్యి లాగేసింది. 'వేసెయ్ తాతా, పోనీ పాపం' అందామని నోటిదాకా వచ్చింది.

"ఇప్పుడేస్తే ఇంకా గట్టిగా తన్నాలని నేర్పినట్టే" అన్నాడు తాత.

అప్పుడు అది ఆగింది. అలిసిపోయి ఆగిందో, ఆలోచించి ఆగిందో! తల పక్కకి తిప్పి, చెవులు కదిపి, ఒక్క అడుగు... ఒకే ఒక్క అడుగు వెనక్కి వేసింది. దాణా జర్రున తొట్టిలో పడింది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయంటే మీరు నవ్వుతారు.

వారానికి తన్నులు తగ్గాయి. మధ్యలో ఒకరాత్రి వాచ్‌మన్ చప్పుడు భరించలేక దాణా వేసేశాడు. మళ్ళీ మొదటికొచ్చింది! అందుకే తాత చెప్పేవాడు, "పదిమంది పెట్టే చోట పదిమందిదీ ఒకే పద్ధతి ఉండాల. ఒక్కడు కరిగినా తొమ్మిదిమందికి తన్నులు." మూడు వారాలకి తలుపు తెరవగలిగాం. చేతిలో వెదురుకర్ర ఉండేది, కొట్టడానికి కాదు, మా ఇద్దరి మధ్య ఎంత దూరమో దానికి గుర్తుచేయడానికి. నేను అడుగు వేస్తే అది అడుగు వెనక్కి వేసేది. దాణా పోసి, వీపు తలుపు వైపే ఉంచి, బయటికొచ్చేసేవాణ్ణి. తినేటప్పుడు నిమరటాలు, కబుర్లు, ఫొటోలు ఏమీ లేవు. అన్నం తింటున్నప్పుడు మనల్నెవరైనా జుట్టు నిమిరితే మనకి మాత్రం బాగుంటుందా?

నెల తిరిగేసరికి యజమాని వచ్చి చూశాడు. ఏమీ అనలేదు. అమ్మే మాట మాత్రం మళ్ళీ ఎత్తలేదు.

తెర మీదా, తెర వెనకా

చిత్రం విడుదలయింది. నేను కనిపించేది నాలుగు సెకన్లు, అదీ వీపు! మా అమ్మ హాల్లో "నువ్వెక్కడున్నావురా?" అని అడుగుతుండగానే రాజుగారు కోటలోకి వెళ్ళిపోయారు. బాధ లేదు. ఆ నాలుగు సెకన్లలోనూ నా కింద ఉన్నది జమీందారే.

ఇప్పుడు రోజులు మారాయి. 2001లో వచ్చిన నిబంధనల ప్రకారం సినిమాలో జంతువుల్ని వాడాలంటే జంతు సంక్షేమ మండలి దగ్గర ముందే నమోదు చేసుకోవాలి. ఏ జంతువుకీ హాని జరగలేదని సినిమా మొదట్లోనే వేస్తున్నారు. ఏ మనిషికీ హాని జరగలేదని మాత్రం ఎవరూ వెయ్యరు! 'మగధీర' (2009), 'బాహుబలి' (2015) చూసి గుర్రం మీద మోజు పడ్డ కుర్రకారు ఎందరో. స్వారీ నేర్పే క్లబ్బులకి పోతారు. బరాత్ గుర్రం పక్కన నిలబడి బిస్కట్టు తినిపిస్తూ ఫొటో దిగుతారు. దిగండి, కాదనను. కాని దాని మూతికి గడ్డిసంచి కట్టి ఉన్నప్పుడు, లేదా బకెట్టు ముందున్నప్పుడు దగ్గరికి పోకండి. మీది కాని గుర్రానికి ఆ మనిషిని అడక్కుండా ఏమీ పెట్టకండి. రెండు గుర్రాలు తింటుంటే మధ్యలోకి అసలే వెళ్ళకండి, అవి ఒకదాన్నొకటి తన్నుకుంటాయి, తగిలేది మీకు. ఆరుబయట నాలుగైదు కలిసి తినేచోటయితే పెత్తనం చేసేదానికి ముందు వేసి, కుప్పలు దూరందూరంగా పెట్టి, గుర్రాలకంటే ఒక కుప్ప ఎక్కువే ఉంచాలి. ఒకవేళ కాటు పడితే సబ్బుతో బాగా కడిగి తక్షణం డాక్టరు దగ్గరికి పరుగెత్తండి. ధనుర్వాతం సూదితో పాటు రేబిస్ టీకా కావాలో లేదో ఆయనే చెప్తారు.

ధైర్యం ప్రదర్శించడానికి అది చోటు కాదు. తాత అంత అనుభవజ్ఞుడు కంత కోయించుకున్నాడు. మొదటిరోజే తలుపు తెరిచి లోపలికి దూరిన వీరుణ్ణి నేను. కుట్లు పడ్డది నాకూ కాదు, తాతకీ కాదు.

తాత పోయి చాలా ఏళ్ళయింది. జమీందారు అంతకుముందే, ముసలితనంతో, ఆ లాయంలోనే పోయింది. కిందటేడు ఓ పెళ్ళికి చెన్నై వెళ్ళినప్పుడు మనవణ్ణి వెతుక్కుంటూ వెళ్ళాను. వాడికిప్పుడు జుట్టు నెరిసింది. బరాత్‌లకి పంపే గుర్రాలు రెండున్నాయి. పొద్దు గూకుతోంది, దాణా వేళ. బకెట్టు చేత్తో పట్టుకుని వాడు ఆగాడు. రెండు గుర్రాలూ ఒక్కడుగు వెనక్కి వేసి నిలబడ్డాయి, బడిలో పిల్లల్లా. గోడకి తొట్టి పైన చతురస్రంగా కంత!

చొక్కా పై గుండీ విప్పి మచ్చ చూపించాడు. తెల్లగా, అర్ధచంద్రంలా ఉంది. నేను ఏదో అనబోయాను. "పో అన్నా, ఎప్పటి మాట!" అని నవ్వేశాడు.

తరవాత లోపలికి రమ్మని తలుపు తీసినవాడల్లా, ఠక్కున ఆగి, నా చొక్కా జేబు వైపు చూశాడు.

"అన్నా... బెల్లం లేదు కదా?"

జేబు తిరగేసి చూపించాకే నన్ను లోపలికి రానిచ్చాడు.